కుంటి గడియారం

పోయిన వారం గడియారాలమ్మను ఎక్కడ వదిలామో గుర్తుంది కదా. చేతిలో ఫోను, ఫోనులో ఎవరో అమ్మాయి గొంతు, ఆ గొంతులో తన పాట. నాలుగేళ్ల కిందట నాన్న పోయిన మర్నాడు ఆయన దుకాణం తెరిచి, ఖాళీ స్టూలు మీద ఎండ పడుతుంటే చూస్తూ, రిపేరు చీటీ వెనక రాసుకున్న పాట అది. ‘తలుపు తీసి ఉంచాను, ఎండ వచ్చి కూచుంది’ అని మొదలవుతుంది. దాన్ని ఆమె బయట ఎక్కడా పాడలేదు. విన్నది ముగ్గురే. మొగుడికి పాటకీ కుక్కరు ఈలకీ తేడా తెలియదు. అక్క పాటలంటేనే ఆమడ దూరం. ఇక మిగిలింది ఎవరు? తన పక్కన కూర్చుని గిటారు వాయించే మరిది.

ఫోనులో పాడినవాళ్ల పేరు లేదు. కింద ‘మా ఇంటి పాట’ అని మూడే ముక్కలు. ఎవరి ఇల్లమ్మా అని ఒళ్లు మండి, మొదటి చరణం దాటి వినలేక ఆపేసింది. ఏడుస్తూ అక్కకి ఫోను చేసింది. అక్క ఒక్కటే అంది. “ఇంట్లో గిటారు పట్టుకునేది ఎవరో చూసుకో.” ఆ మాట గడియారాలమ్మ చెవిలో పడి అక్కడే కాపురం పెట్టింది.

మరోపక్క శనివారం ముంచుకొస్తోంది. కొత్త గొంతుల కోసం వెతుకుతున్న ఒక పాటల సంస్థ వాళ్లు, శనివారంలోగా ఇంట్లోనే రికార్డు చేసిన రెండు సొంత పాటలు పంపమన్నారు. నలభై రెండేళ్ల వయసులో మొదటిసారి తన పాటను బయటివాళ్లు అడిగారు. ఇప్పుడు ఆ పాట పంపితే, ‘ఇది ఇదివరకే విన్నామే, ఎక్కడ కొట్టుకొచ్చావమ్మా’ అంటారు. రెండో పాట ఉంది. అది మాత్రం ఎవరికీ వినిపించలేదు, మరిదికి కూడా. మడత పెట్టి చేతిసంచీ లోపలి అరలో జిప్పు వేసి పెట్టుకుంది. దొంగెవరో తేలేదాకా ఆ కాగితం బయటికి రాదు.

అందుకే గురువారం పొద్దున పదకొండింటికి, అనుమానమున్న మనిషినే వెంటబెట్టుకుని రికార్డింగు సామాను కొనడానికి బయల్దేరింది. మరిది బడి బస్సు డ్రైవరు. పిల్లల్ని దింపాక మళ్లీ ఒకటిన్నర వరకూ ఖాళీ. గిటారు పెట్టె భుజాన వేసుకుని ఈల వేస్తూ నడుస్తున్నాడు. ఈల ఎందుకు వేస్తున్నాడు? గుండెలో ఏమీ లేనివాడు వేస్తున్నాడా, ఏదో ఉన్నవాడు వేస్తున్నాడా అని ఆమె దారంతా ఆలోచిస్తూనే ఉంది.

“ఈ షాపు నీకు ముందే తెలుసా?” అంది.

“నాకెలా తెలుస్తుందొదినా? బోర్డు కూడా ఇప్పుడే చూస్తున్నా.”

బోర్డు ఇప్పుడే చూసినవాడు, లోపలికి తోసేదిలా కనిపించే తలుపును తోయకుండా పక్కకి జరిపాడు. అది పక్కకి జరిగే తలుపని బయట ఎక్కడా రాసిలేదు. గడియారాలమ్మ చూసింది. చూసి ఊరుకుంది.

షాపు చిన్నదే. గోడల నిండా చుట్టలు చుట్టిన తీగలు, మూలన అద్దాల గది, దాని లోపల గోడలకి కోడిగుడ్ల అట్టల్లాంటి నల్లటి స్పాంజి. బల్ల వెనక ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, బూట్ల లేసుతో మెళ్లో వేలాడదీసుకున్న కళ్లజోడు. రేడియోలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైందట. అందరూ ఇంజినీరమ్మ అంటారు. ఆవిడ తలెత్తి ముందు మరిదిని చూసింది.

“ఏం బాబూ, మళ్లీ...” అని, మరిది కనుబొమలు అదోలా ఎగరేసేసరికి ఆగిపోయి, “మళ్లీ వాన వచ్చేలా ఉందే” అని ముగించింది.

బయట ఎండ చిటచిటలాడిపోతోంది.

గడియారాలమ్మ ఆ ఎండ వంక చూసింది. పైకి మాత్రం నవ్వు ముఖం పెట్టుకుని, “ఇంట్లో పాడుకోవడానికి మైకు కావాలండీ. గొంతు, గిటారు, అంతే” అంది.

“మైకు సంగతి తర్వాత. ఏ గదిలో పాడతారు? అందరూ మైకు కొనడానికి పరిగెత్తుకొస్తారు, గది ఒకటుందని మర్చిపోతారు.”

“కింద గడియారాల దుకాణం. పైన ఇల్లు. పాడేది దుకాణం వెనక గదిలో.”

“గడియారాలెన్ని?”

“నడిచేవి అరవై దాకా.”

ఇంజినీరమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆమెను పైనుంచి కిందికి ఓసారి చూసింది. “అరవై గడియారాల మధ్య పాడతావా తల్లీ?”

“పాడేముందు లోలకాలు ఆపేస్తాం. మా నాన్న పెట్టిన నియమం. ఇంట్లో ఎవరు నోరు తెరిచి పాడాలన్నా ముందు గదిలో లోలకాన్ని చేత్తో పట్టుకుని ఆపాలి. పాట అయ్యాక మళ్లీ నడిపించి టైము సరిచెయ్యాలి.”

“చేతి గడియారాలు?”

“అవి దుప్పట్లో చుడతాం.”

ఇంజినీరమ్మకి ఈ సమాధానం బాగా నచ్చినట్టుంది. చకచకా బల్ల మీద సామాను పేర్చింది. “నాలుగు వస్తువులు చాలు. మైకు. దాన్ని నిలబెట్టే స్టాండు. మైకుని కంప్యూటరుకి కలిపే ఈ పెట్టె, దీన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. రెండు రంధ్రాలున్నది తీసుకో, ఒకదాంట్లో నీ గొంతు, ఇంకోదాంట్లో అతని గిటారు. చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. ఇంతకంటే ఎక్కువ కొనమని ఎవరైనా చెబితే వాళ్లు షాపువాళ్లని అర్థం.”

“మరి మీరో?”

“నేను రేడియోదాన్ని. ఇక మైకులో రెండు రకాలు. ఇది కండెన్సర్. చీమ తుమ్మినా వింటుంది. గొంతులో ఉన్న తడి కూడా పట్టుకుంటుంది, కాకపోతే గోడ అవతలి మాటలు కూడా పట్టుకుంటుంది. ఇది డైనమిక్. కాస్త మొద్దు. మూతి దగ్గర పెట్టుకుని పాడితేనే వింటుంది. పక్కగదిలో గిన్నెలు పడ్డా దానికి పట్టదు.”

“మా ఆయన లాగా” అంది గడియారాలమ్మ.

“మనకి మొద్దుదే మంచిది” అన్నాడు మరిది వెంటనే. అడక్కుండానే అన్నాడు. “ఆ రెండోది వద్దొదినా. అనవసరంగా అన్నీ వింటుంది.”

అన్నీ వింటే నీకేమిటి ఇబ్బంది? గడియారాలమ్మ ఆ ప్రశ్నను పళ్ల మధ్యే పట్టి ఉంచి, “రెండూ చూద్దాం. ముందు ఆ చీమ తుమ్ముదే” అంది.

అద్దాల గదిలో కండెన్సర్‌ని స్టాండుకి బిగించారు. ఇంజినీరమ్మ తీగ కలిపింది. గడియారాలమ్మ మైకు ముందు నిలబడి హలో అంటే హెడ్‌ఫోన్లలో ఏమీ వినిపించలేదు. ఇంజినీరమ్మ నోరు తెరిచేలోపే మరిది చెయ్యి చాచి, పెట్టె మీద నలభై ఎనిమిది అని రాసున్న చిన్న మీట నొక్కాడు. “దీనికి కరెంటు ఇవ్వాలి కదా” అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

జన్మలో మైకు చూడనివాడికి ఏ మీట నొక్కాలో తెలిసింది. గడియారాలమ్మ మనసులో మూడో ముడి వేసుకుంది. మొదటిది తలుపు. రెండోది వాన. ఈ మధ్య రెండు గురువారాలు బస్సు టైరు పంక్చరైందంటూ ఆలస్యంగా ఇంటికొచ్చిన సంగతి కూడా ఇప్పుడే గుర్తుకొచ్చి మీద పడింది.

ఆమె ఒక్క లైను పాడింది. అదే మొదటి లైను, ఎలాగూ పోయిన పాటే కదా. ఇంజినీరమ్మ దాన్ని పట్టి మళ్లీ వినిపించింది. గడియారాలమ్మ ఉలిక్కిపడింది. ఇది నా గొంతా? ఇంత సన్నగానా? లైను చివర్లో ఇంత జీర ఉంటుందా? ఫోనులో విన్నప్పుడు ఎప్పుడూ ఇలా లేదు. ఎవరో తెలియని ఆడమనిషి తన మాటలు పాడినట్టుంది.

“అందరికీ అంతే. ఎవరి గొంతు వాళ్లకి పరాయిదే” అంది ఇంజినీరమ్మ. “ఇప్పుడు గిటారు. నువ్వు బయటికొచ్చి విను, అతను లోపల వాయిస్తాడు. గిటారుకి వేరే తీగ కావాలి, వెనక నుంచి తెస్తా.”

ఆవిడ వెనక గదిలోకి వెళ్లింది. అద్దానికి అవతల మరిది స్టూలు మీద కూర్చుని గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇవతల గడియారాలమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని అటు తిరిగి తీగల చుట్టలు చూస్తున్నట్టు నిలబడింది. మైకు ఆన్లోనే ఉంది. మరిదికి ఆ ధ్యాస లేదు. గిటారు మెడను పట్టుకుని దానితో మాట్లాడినట్టు గొణిగాడు.

“ఇవాళ చెప్పెయ్యాలిరా. ఇంకెన్నాళ్లు దాస్తావ్? తెలిస్తే వదిన మొహం చూడగలవా?”

చీమ తుమ్మితే వినే మైకు, ఈ మాటను అక్షరం పోకుండా ఆమె చెవిలో పోసింది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఇంట్లో కుర్రాడిలా పెరిగాడు, తమ్ముడి కంటే ఎక్కువగా చూసుకుంది, పదకొండేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలన్నీ వీడి గిటారుతోనే గడిచాయి. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఆ ఏడుపును వెనక్కి నెట్టి అద్దాల తలుపు తీసింది.

“ఏంటి దాచావ్?”

మరిది లేవబోయి, గిటారు స్టాండుకి తగిలి, మళ్లీ కూర్చున్నాడు. “ఏం లేదొదినా.”

“మైకు ఆన్లో ఉంది. అంతా విన్నాను.”

అతను మైకు వంక చూశాడు. తనకి ద్రోహం చేసింది అదే అన్నట్టు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

“ఈ షాపుకి ఇది నాలుగోసారి రావడం. పంక్చరని చెప్పిన రెండు గురువారాలూ ఇక్కడే ఉన్నా.”

“ఎందుకు?”

“మీరు నవ్వుతారు.”

“నవ్వే ఓపిక నాకు లేదు. చెప్పు.”

“రికార్డింగు లైటు వెలిగితే నా వేళ్లు కొయ్యబారిపోతాయొదినా.” చెయ్యి చాచి చూపించాడు. నిజంగానే వణుకుతోంది. “ఇంట్లో ఎంతసేపైనా వాయిస్తాను. ఆ ఎర్ర చుక్క కనబడితే చాలు, ఏ తీగ ఎక్కడుందో తెలీదు. ఆ సంస్థవాళ్ల ఉత్తరం వచ్చిన రోజే భయం పట్టుకుంది. నావల్ల మీ పాట పాడవుతుందని. అందుకే మేడంగారి దగ్గరికొచ్చి, మైకు ముందు కూర్చోవడం అలవాటు చేసుకుంటున్నా. ఇంకా కాలేదు. చెబితే ఇంకొకణ్ని పిలుస్తారేమోనని...”

“మొద్దు మైకు కావాలని ఎందుకంత పట్టుబట్టావ్?”

“వాయించేటప్పుడు నా ముక్కు బుసకొడుతుంది. ఆ మైకులో అదే వినిపిస్తోంది, గిటారు కాదు.”

వెనక గది గుమ్మంలోంచి ఇంజినీరమ్మ, “నిజమే, పక్కన ఎద్దు పడుకున్నట్టుంటుంది” అంది.

ఇంకొకరైతే ఇక్కడితో నవ్వేసి ఊరుకునేవాళ్లు. కానీ అనుమానం అంత తేలిగ్గా ఇల్లు ఖాళీ చేస్తుందా? అక్క మాట ఇంకా చెవిలోనే ఉంది. గడియారాలమ్మ అడగాల్సింది అడిగేసింది.

“అయితే నా పాట ఎవరికిచ్చావ్?”

ఆ స్పాంజి గోడల గదిలో మాట అన్న చోటే పడిపోతుంది, మోగదు. మరిది ఆమెను చూస్తూ ఉండిపోయాడు. అతని ముఖంలో ముందు ఏమీ కనబడలేదు. అర్థమవుతున్నకొద్దీ రంగు దిగిపోయింది.

“నేనా?” అన్నాడు. “మీరు నన్ను అనుమానిస్తున్నారా? అనుమానిస్తూనే నాతో మైకు కొనడానికొచ్చారా?”

ఆమె ఫోను తీసి చేతిలో పట్టుకుంది.

“పొట్లాట ఉంటే రోడ్డు మీదికెళ్లండి, ఇక్కడ మైకు నడుస్తోంది” అని ఇంజినీరమ్మ లోపలికొచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి గొంతు తగ్గించింది. “ఏం పాట? ఎక్కడుంది? నాకు పెట్టండి.”

గడియారాలమ్మ ఫోను ఇచ్చింది. ఇంజినీరమ్మ దాన్ని పెట్టెకి కలిపి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుంది. ఒకసారి విన్నది. రెండోసారి కాగితం మీద ఏదో గీసుకుంటూ విన్నది.

“ఒకే మైకు” అంది కళ్లు తెరవకుండానే. “గొంతు, గిటారు కలిపి ఒకేసారి పట్టారు. చిన్న రకం కండెన్సర్. గచ్చు నేల, కర్టెన్లు లేని గది. పాడింది చిన్నపిల్ల, ఇరవై దాటి ఉండదు. గిటారువి నైలాన్ తీగలు. ఇతనివి స్టీలు. ఈ గిటారుతో ఆ చప్పుడు ఛస్తే రాదు.”

మరిది గిటారును మెల్లగా పెట్టెలో పెట్టి మూత వేసుకున్నాడు.

“ఇంకోటుంది. రెండో చరణంలో, పిల్ల ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా వెనక ఏదో కొట్టుకుంటోంది. ఫోనులో వినబడేది కాదు. ముందు ఫ్యాననుకున్నాను. కాదు, అదేదో కుంటుతోంది.”

గడియారాలమ్మ హెడ్‌ఫోన్లు లాక్కున్నంత పని చేసింది. రెండో చరణం దాకా ఇన్నాళ్లూ రాలేదు. ఇప్పుడొచ్చింది. పిల్ల ఆగింది. ఆ ఖాళీలో, ఎక్కడో వెనక గోడ దగ్గర్నించి, టిక్ టక్... టిక్ టక్... టిక్ టక్.

ఆరోగ్యంగా ఉన్న గోడ గడియారం ఇలా నడవదు. దాని రెండు చప్పుళ్ల మధ్య దూరం ఎప్పుడూ సమానం. ఇది ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. ఇలాంటి చప్పుడు ఆమె జీవితంలో ఒకే ఒక్క గడియారంలో విన్నది. పదేళ్లప్పుడు నాన్న పక్కన కూర్చుని మొదటిసారి గడియారం విప్పితే, లోలకాన్ని అటూ ఇటూ తోసే సన్నటి తీగ తన చేతిలో వంగిపోయింది. ఏడ్చింది. నాన్న చూసి, వంకర తీయకుండా అలాగే బిగించేశాడు. “ఇది నీ సంతకం. ఉండనీ, కుంటినా టైము తప్పదు” అన్నాడు. టైము తప్పలేదు కూడా. నాన్న పోయాక ఆ గడియారాన్ని అక్క అడిగి తీసుకుంది. గోడకి తగిలించి, లోలకం ఆగితే ఊరుకోనంది. పాట పాడాలన్నా సరే, ఎవరూ దాన్ని ముట్టుకోకూడదంది.

పాడిన పిల్ల గడియారం ఆపలేదు. ఆపే వీలు లేదు కాబట్టి ఆపలేదు.

పాటలంటే ఆమడ దూరం అనుకున్న అక్క. గిటారు పట్టుకునేది ఎవరో చూసుకోమన్న అక్క.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మరిది వంక చూడటానికి కళ్లు లేవలేదు. క్షమించమని అడగాలి, ఎలా అడగాలో తెలియలేదు. “ఏ మైకు తీసుకోవాలో అతన్ని అడిగి కట్టండి” అంది ఇంజినీరమ్మతో.

“మొద్దుది” అన్నాడు మరిది గిటారు పెట్టెతో మాట్లాడుతున్నట్టు. దాన్ని భుజాన వేసుకుని, “రెండు రంధ్రాల పెట్టె” అన్నాడు. అంటే రెండో రంధ్రంలో గిటారు ఉంటుందన్నమాటే కదా. గడియారాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. అతను బస్సుకి టైమైందని వెళ్లిపోయాడు. ఈసారి ఈల వేయలేదు.

అక్క ఇల్లు రెండు వీధుల అవతలే. కొన్న సామాను ఉన్న అట్టపెట్టెను చంకలో పెట్టుకుని నడిచింది. అక్క ఇంట్లోనే పుస్తకాలకి బైండింగు చేస్తుంది. ముందుగది నిండా అట్టలు, నూలు కండెలు, జిగురు వాసన. గచ్చు నేల. జిగురు అంటుకుంటుందని ఆ గదికి కర్టెన్లు ఎప్పుడూ లేవు. ఇన్నేళ్లుగా చూస్తున్న గదే, ఇవాళ ఇంజినీరమ్మ కళ్లతో చూసింది. మూలన మంచం మీద గిటారు. నైలాన్ తీగలు. దాని పక్కన సన్నటి స్టాండుకి చిన్న మైకు, మైకు ముందు కుట్టుపని రింగుకి బిగించిన పాత మేజోడు. ఊపిరి దెబ్బ మైకుకి తగలకుండా ఉండాలని తెలివిగల పిల్లలెవరో చేసిన ఏర్పాటు. గోడ మీద నాన్న గడియారం కుంటుకుంటూ నడుస్తోంది.

అక్క సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తింది. చెల్లెలి చంకలో పెట్టె, ఆమె చూపు ఎక్కడుందో చూసింది. దారం సూదిలోంచి జారిపోయింది.

“ఏదీ నీ కూతురు?” అంది గడియారాలమ్మ.

“కాలేజీకి వెళ్లింది.” అక్క దాచడానికి కూడా ప్రయత్నించలేదు. “అది పాడుతుందని నాకే తెలీదు బుల్లీ. నేను పని చేసుకుంటూ కూనిరాగం తీస్తుంటే పట్టేసింది. ఫోనులో పెట్టేదాకా నాకు చెప్పలేదు.”

“నువ్వు కూనిరాగం తీశావా? నా పాట?”

“నువ్వు ఫోను చేసి, దొంగ ఎవరే అక్కా అని ఏడ్చావు. దొంగ అన్న మాట నా కూతురి మీద పడింది. నోటికొచ్చింది అనేశాను. ఆ అబ్బాయి మీద నెట్టేశాను. అప్పట్నించి అన్నం సయించడం లేదు.”

“వాడి ముఖం మీదే అడిగేశానక్కా, నీ మాట పట్టుకుని. వాడి ముఖంలో రంగు ఎలా దిగిపోయిందో నువ్వు చూడలేదు.” అట్టపెట్టెను కింద పెట్టింది. “దొంగతనం చేసిందెవరు? చేయించిందెవరు? అదైనా చెప్పు.”

అక్క చాలాసేపు నూలు కండెను వేళ్ల మధ్య తిప్పింది. “దొంగతనం ఎవరూ చెయ్యలేదు. అది నా కూతురి పాట కాదు. నీ పాటా కాదు” అంది.

ఇది మరీ విడ్డూరం. గడియారాలమ్మ నోరు తెరిచేలోపే అక్క లేచి, బీరువా అడుగున పాత అట్టల కింద నుంచి ఒక క్యాసెట్టును, దాన్ని వాయించే పాత పెట్టెను తీసింది. క్యాసెట్టు మీద అతికించిన కాగితం పసుపు రంగుకి తిరిగింది. దాని మీద నీలం సిరాతో, ‘తలుపు తీసి ఉంచాను’. అక్షరాలు నాన్నవి. నాన్నవేనా? అక్క చేతిరాత అచ్చం నాన్న రాత లాగే ఉంటుంది, చిన్నప్పట్నించీ. పాత కాగితాలు ఈ ఇంట్లో గుట్టలున్నాయి. ఒకరోజులోనే అనుమానం ఆమెకు ఎంత బాగా అలవాటైందో చూడండి.

“పెట్టు” అంది.

అని, తనకి తెలియకుండానే గోడ దగ్గరికి నడిచి, గడియారం తలుపు తీసి లోలకాన్ని రెండు వేళ్లతో పట్టుకుంది. నాలుగేళ్లలో మొదటిసారి గడియారం ఆగింది. అక్క వద్దనలేదు. బటన్ నొక్కింది.

కాసేపు గరగర. ఎవరో గొంతు సవరించుకున్నారు. నాన్న కాదు. ఆడమనిషి. పాట మొదలైంది, ‘తలుపు తీసి ఉంచాను, ఎండ వచ్చి కూచుంది.’ గడియారాలమ్మ చెయ్యి లోలకం మీద బిగుసుకుపోయింది. అది పొద్దున షాపులో హెడ్‌ఫోన్లలో విన్న గొంతు. తన గొంతు. అంత సన్నం, లైను చివర్లో అదే జీర. ఈ పాటను ఆమె ఈ ఇంట్లో ఎప్పుడు పాడింది? ఎప్పుడు పట్టారు?

అంతలో పాటలోంచి ఒక పసిగొంతు ముద్దముద్దగా, “కూతుంది... ఎంద కూతుంది” అని వంత పాడింది. పాడుతున్నావిడ పాట ఆపి నవ్వింది. “ష్, బుల్లీ, పడుకో” అంది.

“అది నువ్వు” అంది అక్క. “పాడేది అమ్మ. పోవడానికి నెల ముందు. ఆమె కట్టుకున్న పాటే. రోజూ ఇదే పాడి నిన్ను పడుకోబెట్టేది. ఆమె పోయాక ఇది పెడితే అమ్మేదీ అంటూ తలుపు దగ్గరికి పరిగెత్తేదానివి. నాలుగేళ్ల పిల్లవి. చూడలేక నాన్న దీన్ని నా చేతికిచ్చి, చిన్నదానికి వినబడనీయకు అన్నాడు. నాన్న పోయిన మర్నాడు నువ్వు చీటీ పట్టుకొచ్చి, నాకు పాట వచ్చిందక్కా అంటూ పాడావు. ఆ పూట నీకు ఎలా చెప్పమంటావు?”

అమ్మ గొంతు ఎలా ఉంటుందో గడియారాలమ్మకి గుర్తులేదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా గుర్తు చేసుకోవాలని చూసి ఓడిపోయింది. అది తన గొంతులోనే ఉందని ఎవరు చెబుతారు? నిలబడే ఏడ్చింది, ఒక చెయ్యి లోలకం మీద, ఒక చెయ్యి చేతిసంచీ మీద. పాట అయిపోయి గరగర మిగిలేదాకా ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

“సరే. అది అమ్మ పాటే. పిల్లని ఏమీ అనను, మరిది కాళ్లు పట్టుకుంటాను. ఈ పాట అమ్మ పేరు పెట్టి పంపుతాను. కానీ రెండోది మాత్రం నాదే” అని సంచీని గట్టిగా గుండెలకి అదుముకుంది.

“రెండోదేమిటి?” అంది అక్క.

“ఎవరికీ వినిపించలేదు. నీకు కూడా.” జిప్పు తీసి మడత విప్పి, పాడకుండా చదివింది. “‘దారి నాకు తెలుసు గానీ, చెప్పులెక్కడ విడిచానో...’”

అక్క ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో ఇప్పుడు తప్పు చేసిన చూపు లేదు, భయం ఉంది. అక్క క్యాసెట్టును బయటికి తీసి, రెండో వైపు తిప్పి, చెల్లెలి చేతిలో పెట్టింది.

అటువైపు కూడా పసుపు తిరిగిన కాగితం అతికించి ఉంది. అదే నీలం సిరా. ‘దారి నాకు తెలుసు గానీ.’